పక్షిశాస్త్ర సంఘము - అందులో సభ్యులెవరు?

ఏ దేశమునందైనను పక్షులను చూచువారు లక్షలమంది యుందురు. పెరటి జామచెట్టుపై వాలిన పిట్టను గుర్తుపట్టు గృహిణి, చెరువుగట్టున కొంగలను చూచుచు ప్రొద్దుపుచ్చు పశువుల కాపరి, వలపన్ని పూరేళ్లను పట్టు వేటగాడు, ప్రదర్శనశాలలో కూర్చుండి ఎముకలను కొలుచు ఆచార్యుడు - వీరందరును పక్షులను గూర్చి ఏదో యొకటి యెరిగినవారే. కాని వీరిలో ఎవరి మాట శాస్త్రమగును? ఎవరి మాట వట్టి కబురగును? ఈ ప్రశ్నకు ఒక కట్టుబాటుతో సమాధానము చెప్పుటకే పక్షిశాస్త్ర సంఘములు పుట్టినవి.

సంఘమనగా కొన్ని నిబంధనలు, కొన్ని పదవులు, ఒక చందా, ఒక పత్రిక - ఇంతేకదా యని తోచవచ్చును. వాని వెనుక మరియొక విషయము కలదు. ఎవరిని లోపలికి రానిత్తురు, ఎవరిని గడపకడనే నిలిపెదరు అను నిర్ణయమును బట్టి ఆ శాస్త్రము ఏ దారిని నడచునో తేలును. దీనిని విశదపరచుటకై మేమొక్క సంఘపు చరిత్రను తీసికొందుము. అది 1883లో అమెరికా సంయుక్త రాష్ట్రములలో స్థాపింపబడిన అమెరికన్ ఆర్నిథాలజిస్ట్స్ యూనియన్, అనగా అమెరికా పక్షిశాస్త్రజ్ఞుల సంఘము.

అంతకు పూర్వము ఆ దేశమున పక్షిశాస్త్రజ్ఞులు లేకపోలేదు. వారిని కలుపు సూత్రము మాత్రము లేదు. 1873లో మాసచూసెట్సు రాష్ట్రమందలి కేంబ్రిడ్జి పట్టణమున విలియం బ్రూస్టరును, అతని మిత్రులును నటాల్ క్లబ్ అను చిన్న సంఘమును ఏర్పరచుకొనిరి. 1876 నుండి దానికొక పత్రికయు వెలువడెను. కాని అది ఒక పట్టణపు కూటమే. దేశమంతటికిని చెందిన సంఘము కావలెనని బ్రూస్టరు, జె. ఏ. ఆలెన్, సైన్యమున వైద్యుడుగా పనిచేసిన ఎలియట్ కౌజ్ - ఈ మువ్వురు కలిసి 1883 ఆగస్టులో ఎన్నుకొన్న కొందరికి ఆహ్వానములు పంపిరి. సెప్టెంబరు 26వ తేదీన న్యూయార్కులోని అమెరికన్ మ్యూజియమ్ ఆఫ్ నేచురల్ హిస్టరీ గ్రంథాలయమున 21 మంది సమావేశమై, మూడు దినములు చర్చించి, నిబంధనావళిని ఆమోదించిరి. ఆలెన్ అస్వస్థుడై రాలేకపోయినను, ఆయననే తొలి అధ్యక్షునిగా ఎన్నుకొనిరి. సి. హార్ట్ మెరియం అను వైద్యుడు కార్యదర్శియు కోశాధికారియు నయ్యెను. ఇంగ్లండునందు 1858లోనే ఇటువంటి సంఘమేర్పడి, 'ఐబిస్' అను పేర పత్రికను నడుపుచుండెను. అమెరికావారు తమ త్రైమాసిక పత్రికకు 'ఆక్' అని పేరు పెట్టిరి. ఆక్ అనునది ఉత్తర సముద్రముల పక్షికులము. ఆ కులమున ఎగురలేని పెద్దపక్షి అప్పటికే నశించిపోయెను. 1844లో ఐస్లాండుకు చేరువనున్న ఎల్డీ దీవిలో దాని కడపటి జంటను మనుష్యులు చంపిరి. 1884 జనవరి నుండి పత్రిక ప్రారంభమయ్యెను.

ఇక సభ్యత్వపు సంగతి. ఆ నిబంధనావళి సభ్యులనందరిని ఒక్క వరుసను కూర్చుండబెట్టలేదు. మెట్లు మెట్లుగా విభజించెను. పై మెట్టున క్రియాశీల సభ్యులు. వారి సంఖ్య 50కి మించరాదు. ఓటుహక్కును పదవులును వారివే. ఇతర దేశముల పండితులకు 25 స్థానములు, దూరముననుండి ఉత్తరములు వ్రాయు సభ్యులకు 100 స్థానములు కేటాయింపబడెను. అన్నిటికంటె క్రింది మెట్టు సహసభ్యులది. వారి సంఖ్యకు పరిమితి లేదు. వారికి ఓటును లేదు. 1901లో ఈ ఏర్పాటును కొంత సవరించిరి. క్రియాశీల సభ్యులకు 'ఫెలో' అను పేరు వచ్చెను. వారికిని సహసభ్యులకును నడుమ 75 మందికి మించని మరియొక తరగతి ఏర్పడెను. పై తరగతులలో ఏ మెట్టెక్కవలెనన్నను ఎవరికి వారు దరఖాస్తు పెట్టుకొన్న చాలదు, లోపలివారు ఎన్నుకొనవలెను.

ఇంత కట్టుదిట్టమేల యని పాఠకులు అడుగవచ్చును. కారణము లేకపోలేదు. ఒకే పక్షికి ఒక గ్రంథమున ఒక పేరు, మరియొక గ్రంథమున మరియొక పేరు వాడుకలో నుండెను. ఒకే జాతిని ఒకరు రెండుగా విడదీసిన, వేరొకరు రెండింటిని ఒకటిగా కలుపుచుండిరి. పేరు స్థిరపడనిదే ఒకరు చూచినదానిని మరియొకరు పరీక్షించుటకు వీలులేదు. అట్టి తగవును తీర్చువారు కొలదిమందియై, పలు ప్రాంతముల నుండి సేకరించిన పక్షిచర్మములను పోల్చి చూచిన అనుభవము కలవారై యుండవలెను. సంఘమునందలి ఉపసంఘమొకటి ఈ పనికి పూనుకొని, 1886లో నామకరణ నియమములను, ఉత్తర అమెరికా పక్షుల పట్టికను ప్రకటించెను. ఆ పట్టిక ఏడవ ముద్రణము 1998లో వెలువడెను. ఆ తరువాత అనుబంధములు వెలువడుచున్నవి. సంగీతసభలో రసికులు ఎందరున్నను, రాగలక్షణమును గూర్చి వాదము వచ్చినపుడు విద్వాంసులనే అడుగుదుము గదా. ఇదియు నట్టిదే.

అయితే విద్వాంసులతోనే సభ నిండదు. పట్టికను సిద్ధపరచుటకు 50 మంది చాలుదురు. ఒక ఖండమంతటను వసంతకాలమున ఏ పక్షి ఏ దినమున వచ్చినదో తెలిసికొనుటకు 50 మంది ఏమూలకు? సంఘము మొదటి సమావేశముననే వలసలను గూర్చి ఒక ఉపసంఘమును నియమించి, మెరియంను దాని అధ్యక్షునిగా చేసెను. ఆయన దేశమంతటను పరిశీలకులకు అచ్చుకాగితములు పంపెను. అందలి ప్రశ్నలు సరళమైనవి: ఈ పక్షి మీ యూరికి మొట్టమొదట ఏనాడు వచ్చినది? ఎప్పుడు విరివిగా కనబడినది? కడపట ఎప్పుడు చూచితిరి? సముద్రతీరపు దీపస్తంభముల కావలివారికిని ఈ కాగితములు పంపిరి. రాత్రివేళ వలసపోవు పక్షులు ఆ వెలుగునకు భ్రమసి, అద్దములకు కొట్టుకొని పడిపోవుచుండును. వానిని చూచువారు కావలివారే గాని ఆచార్యులు కారు.

జవాబులు రాగా రాగా, వానిని పరిష్కరించుట సంఘపు చేతికి మించిన పని యయ్యెను. వారు అమెరికా కాంగ్రెసునకు విన్నవించుకొనగా, 1885లో 5,000 డాలర్లు మంజూరయ్యెను. వ్యవసాయశాఖలో మెరియం ఆధ్వర్యమున ఒక చిన్న విభాగము వెలసెను. అదియే క్రమముగా పెరిగి, 1940లో ఏర్పడిన మత్స్య వన్యప్రాణి శాఖలో కలిసినది. పరిశీలకులు వ్రాసి పంపిన చీట్లు 1970 వరకు వచ్చుచునే యుండెను. వాని సంఖ్య సుమారు 60 లక్షలు. ఇటీవలి కాలమున శీతోష్ణస్థితి మారుచున్నదను విషయము చర్చకు రాగా, పూర్వము పక్షులు ఏ తేదీలకు వచ్చెడివో తెలుపు సాక్ష్యము కావలసివచ్చెను. అపుడు ఆ పాతచీట్లకు మరల విలువ కలిగి, వానిని స్వచ్ఛందసేవకులు యంత్రములలోని కెక్కించిరి. ఆ చీట్లు వ్రాసినవారిలో ఫెలోలు ఎందరో అరుదుగానుందురు. చీటీకి కావలసినది బిరుదు కాదు. తేదీ, స్థలము, సత్యము.

మొదటి సమావేశముననే నియమింపబడిన మరియొక ఉపసంఘపు పని వినుటకు వింతగా నుండును. మన యింటి చూరులలో గూడుకట్టు ఊరపిచ్చుకకు అమెరికాలో పౌరసత్వము ఇయ్యవచ్చునా, కూడదా యని వారు విచారించిరి. చెట్లను తినివేయు గొంగళిపురుగులను ఏరివేయునను ఆశతో 1850 తరువాతి సంవత్సరములలో దానిని ఐరోపానుండి న్యూయార్కు ప్రాంతమునకు తెచ్చి విడిచిరి. అది పురుగులకంటె ధాన్యమును ఎక్కువగా తిని, స్వదేశపు పక్షుల గూళ్లను ఆక్రమించెను. మేలు చేయునని కొందరు, కీడు చేయునని కొందరు పత్రికలలో యుద్ధము సాగించిరి. ఉపసంఘము ఇరువైపుల సాక్ష్యములను సేకరించి, అది హానికరమని తేల్చెను. 1889లో ప్రభుత్వము ప్రకటించిన పెద్ద నివేదికయు ఆ యభిప్రాయమునే బలపరచెను. మన యింటి దీపమువంటి పిట్ట మరియొక దేశమున నేరస్థుడగుట మనకు కష్టముగా తోచినను, ఏ ప్రాణియైనను తన చోటున నున్నప్పుడే దాని గుణదోషములను సరిగా నిర్ణయింపగలమను పాఠము ఇందున్నది.

ఇంతకంటె కఠినమైన పరీక్ష ఈకల వ్యాపారము వలన వచ్చెను. ఆ కాలమున స్త్రీల టోపీలపై పక్షుల ఈకలను, రెక్కలను, ఒక్కొకప్పుడు పిట్టనే యథాతథముగా కుట్టి ధరించుట నాగరకమై యుండెను. 1886లో ఫ్రాంక్ చాప్మన్ అను బ్యాంకు ఉద్యోగి న్యూయార్కు వీథులలో రెండు సాయంకాలములు నడచి టోపీలను లెక్కించెను. 700 టోపీలలో 542 టోపీలపై ఈకలున్నవి. వానిలో 40 రకముల పక్షులను ఆయన గుర్తించెను. ఈ చాప్మనే తరువాత ఆ దేశపు ప్రసిద్ధ పక్షిశాస్త్రజ్ఞులలో ఒకడయ్యెను. ముఖ్యముగా తెల్లకొంగలను గూళ్లు పెట్టు ఋతువునందే చంపెడివారు. కోరిన ఈకలు ఆ ఋతువుననే మొలచును. తల్లి చచ్చిన పిల్లలు గూటిలోనే ఆకలితో చచ్చును. ఒక్కొక్క తుపాకి దెబ్బకు రెండు తరములు పోవుచుండెను.

సంఘము ఆ సంవత్సరమే, వేటపక్షులు కాని పక్షులను, వాని గూళ్లను, గ్రుడ్లను రక్షించు ఒక మాదిరి చట్టమును వ్రాసి రాష్ట్రముల ముందుంచెను. ఇందులో ఒక చిక్కు కలదు. ఆ కాలపు పక్షిశాస్త్రజ్ఞులు తామే తుపాకి పట్టినవారు; పక్షిని కాల్చి, చర్మము నొలిచి, చీటీ కట్టి భద్రపరచుటయే వారి విద్యాభ్యాసము. అందుచే ఆ చట్టమున శాస్త్రార్థమై సేకరించువారికి అనుమతిపత్రములు ఇచ్చు ఏర్పాటు చేసికొనిరి. దీనిని ఆక్షేపించినవారు ఉండిరి. రక్షణపు పనియే మనకేల యనిన సభ్యులును ఉండిరి. అయినను పని ఆగలేదు. 1900లో లేసీ చట్టము వచ్చి, ఒక రాష్ట్రమున అక్రమముగా చంపిన పక్షులను మరియొక రాష్ట్రమునకు రవాణా చేయుటను నిషేధించెను. 1901లో ఫ్లారిడా రాష్ట్రము మాదిరి చట్టమును స్వీకరించెను. చట్టముండిన చాలదు, కాపలా ఉండవలెనని చందాలు పోగుచేసి కావలివారిని పెట్టిరి. వారిలో 1902లో నియమింపబడిన గై బ్రాడ్లీ అనునతడు, 1905 జులైలో ఫ్లారిడా తీరమున, పక్షులను కాల్చుచున్న వారిని పట్టబోయి తుపాకి దెబ్బకు ప్రాణములు గోల్పోయెను. ఆ మరణము దేశమున కలవరము పుట్టించెను. తరువాత 1916లో కెనడా పక్షమున బ్రిటనుతో వలసపక్షుల ఒడంబడిక కుదిరెను. 1918లో దానిని అమలుపరచు చట్టము వచ్చెను.

ఇంత మేలుచేసిన సంఘమున ఆ మెట్ల విధానము వలన కలిగిన నష్టమును దాచరాదు. మెట్టెక్కించువారందరును పురుషులైనపుడు స్త్రీలు క్రింది మెట్టుననే నిలిచిపోయిరి. కార్యదర్శి మెరియంకు సోదరి యగు ఫ్లోరెన్సు మెరియం 1885లో సహసభ్యురాలయ్యెను. ఆ సంఘమున చేరిన తొలి స్త్రీ ఆమెయే. ఆమె పక్షులను కాల్చి పరిశీలించుటకంటె, నాటకములు చూచుటకు వాడు చిన్న దుర్భిణితో బ్రతికియున్న పక్షులను చూచుట మేలని 1889లోనే గ్రంథము వ్రాసెను. నేడు లోకమంతటను వాడుకలోనున్న పద్ధతి అదియే. 1901లో నడుమ తరగతి ఏర్పడినపుడు ఆమెకును, మరి యిద్దరు రచయిత్రులకును అందు చోటు దొరకెను. ఫెలో స్థానము మాత్రము 1929లో గాని రాలేదు. సహసభ్యురాలైన నాటినుండి 44 సంవత్సరములు! 1931లో న్యూ మెక్సికో పక్షులను గూర్చిన గ్రంథమునకు సంఘమే బ్రూస్టరు పతకము నిచ్చెను. సంఘమునకు ఒక మహిళ, ఫ్రాన్సెస్ జేమ్స్, అధ్యక్షురాలగుట 1984లో జరిగెను. అప్పటికి సంఘము పుట్టి నూరేండ్లు దాటినవి.

మార్గరెట్ మోర్స్ నైస్ కథయు ఇచ్చట చెప్పదగినది. ఆమెకు ఏ విశ్వవిద్యాలయమునను ఉద్యోగము లేదు. ఒహాయో రాష్ట్రమున కొలంబస్ నగరమందలి తమ యింటి చెంత, పిల్లలను పెంచుకొనుచు, ఇంటిపనులు చక్కబెట్టుకొనుచు, పాటపిచ్చుక యనదగిన ఒక చిన్నపిట్ట జీవితమును సంవత్సరముల తరబడి పరిశీలించెను. పిట్టల కాళ్లకు రంగుల కడియములు తొడిగి, ఏ పిట్ట ఏ పొదను ఏలుచున్నది, ఎవరితో జతకట్టినది, ఎన్ని పిల్లలను పెంచినది యని వ్రాసికొనెను. జాతిని గాక, ఒక్కొక్క పక్షిని వ్యక్తిగా గుర్తించి చదివిన ఆ గ్రంథము 1937లోను 1943లోను రెండు సంపుటములుగా వెలువడి, పక్షుల నడవడిని గూర్చిన శాస్త్రమునకు మార్గదర్శి యయ్యెను. 1942లో ఆమెకును బ్రూస్టరు పతకము లభించెను. పెరటిలో పుట్టిన శాస్త్రమిది.

కాలక్రమమున సంఘపు స్వరూపము మారినది. కాలిఫోర్నియాలో 1893లో కొందరు యువకులు స్థాపించిన కూపర్ క్లబ్ అను సంఘము పెరిగి పెద్దదై, 'కాండార్' అను పత్రికతో పేరుగాంచెను. 2016లో ఈ రెండును ఏకమై, అమెరికన్ ఆర్నిథలాజికల్ సొసైటీ అను పేర నడుచుచున్నవి. 2021లో రెండు పత్రికలకును పాతపేర్లు పోయి కొత్తపేర్లు వచ్చినవి. నేడు పక్షిశాస్త్రమునందు ఆసక్తి గల ఎవరైనను చందా చెల్లించి సభ్యులు కావచ్చును; ఫెలో వంటి గౌరవములు మాత్రము నేటికిని ఎన్నిక వలననే కలుగుచున్నవి. ద్వారము విశాలమైనది, మెట్లు పూర్తిగా పోలేదు.

పేర్లపై అధికారమెవరిదను పాతప్రశ్నయు మరల లేచినది. మనుష్యుల పేర్లు పెట్టబడిన పక్షులకు ఆ ఇంగ్లీషు పేర్లను మార్చెదమని సంఘము 2023 నవంబరులో ప్రకటించెను. మొదట 70 నుండి 80 జాతులను తీసికొందుమనిరి. శాస్త్రీయ నామములను ఇది అంటదు. ఆ పేరుగలవారిలో కొందరు బానిసత్వమును సమర్థించినవారనియు, పక్షి అందరిదియు గావున దాని పేరు దాని రూపమును తెలుపవలెననియు ఒక పక్షము. పేరు నిలుకడగా నుండుటకే గదా సంఘము పుట్టినది, ఇన్ని పేర్లు ఒక్కసారి కదలించుట తగునా యని మరియొక పక్షము. వాదమెట్లు ముగిసినను ఒకటి స్పష్టము: 1883లో ఈ ప్రశ్న ఒక గ్రంథాలయపు గదిలో తీరెడిది, నేడు పక్షులను చూచువారందరి యెదుట తీరవలసియున్నది.

ఇదంతయు దూరదేశపు కథ యని తోచవచ్చును. న్యూయార్కు సమావేశమునకు 11 దినములు ముందు, అదే 1883 సెప్టెంబరు 15వ తేదీన, బొంబాయిలో ఎనిమిదిమంది కూడి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీని స్థాపించిరి. వారిలో ఆత్మారాం పాండురంగ్, సఖారాం అర్జున్ అను ఇద్దరు భారతీయ వైద్యులుండిరి. ఆ సంఘపు ఆధ్వర్యముననే సాలిం అలీ 1931-32లో హైదరాబాదు సంస్థానమునందలి పక్షులను పరిశీలించి, ఆ వివరములను సంఘపత్రికలో ప్రకటించెను. అంతకు పూర్వమే, నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన జెర్డన్ భారతదేశపు పక్షులను గూర్చి గ్రంథములు వ్రాయుచు, వానికి తెలుగువారు పెట్టుకొన్న పేర్లను గూడ నమోదు చేసెను. ఆ పేర్లు చెప్పినవారి పేర్లు ఏ సభ్యుల పట్టికలోను లేవు.

ఆ జెర్డన్ పేర శాస్త్రలోకమున ప్రసిద్ధమైన ఒక పక్షియే మన కలివికోడి. 1900లో అనంతపురము ప్రాంతమున కనబడిన పిమ్మట అది ఎవరికిని కనబడక, నశించినదనియే పలువురు తలచిరి. 1986 జనవరిలో కడప జిల్లాలో అది మరల దొరకెను. వెదకినది బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ. దాని ఆనవాలు ఎరిగి పట్టినవాడు ఆ యడవుల చెంతనుండు ఒక పల్లెవాసి. రాత్రివేళ పొదలలో తిరుగు ఆ పక్షిని గుర్తించు కన్ను అతనిది. అది ఏ జాతియో నిర్ధారణ చేసి లోకమునకు చాటగల సాధనము సంఘముది. ఆ రెండును కలిసిననాడే 86 ఏండ్ల మరుగు తొలగినది. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడుటకు ఆ కలయికయే మూలము.

కావున సంఘమున సభ్యులెవరను ప్రశ్నకు మేము చెప్పదలచిన సమాధానమిది. తీర్పు చెప్పువారు కొలదిమందియే కావచ్చును. సాక్ష్యము చెప్పువారు అందరును కావలెను. సాక్షులను చులకన చేసిన సంఘము తీర్పు చెప్పుటకు ఆధారము లేక కృశించును. తీర్పరులు లేని సంఘమున సాక్ష్యములు గాలికి పోవును. ఈ పత్రిక చదువుచున్న ఇండ్లలో పక్షి కనబడని ఇల్లుండదు. మీ వాకిట వేపచెట్టుపై ఈ సంవత్సరము కోయిల మొదటిసారిగా ఏ తేదీన కూసినదో, చెరువునకు వలసబాతులు ఏ వారమున దిగినవో ఒక పుస్తకమున తేదీతో, ఊరిపేరుతో వ్రాసియుంచుడు. చూడనిదానిని చూచినట్లు వ్రాయకుడు. సందేహమున్న సందేహమనియే వ్రాయుడు. పదియేండ్లు అట్లు వ్రాసిన పుస్తకమును ఏ పక్షిశాస్త్ర సంఘమును కాదనజాలదు.